ఏట్లో కలిపిన మైనపు బిళ్ల

మా మామ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అమ్మకు తమ్ముడు, మా అక్కకు మొగుడు. మేనరికం కాబట్టి రెండు వైపులా పెత్తనం ఆయనదే. చిన్నప్పటి నుంచీ నాకు ఆయనంటే పడదు.

అమ్మ పెద్దపేగు క్యాన్సర్‌తో పోయింది. అంతకు ముందు తాత, పిన్నమ్మ కూడా కడుపులో గడ్డతోనే పోయారు. మామ లెక్కలో ముగ్గురికీ మూడు కారణాలు: తాతకు సారాయి, పిన్నమ్మకు ఎవరో పెట్టిన మందు, అమ్మకు సంగటిలో నంజుకున్న ఊరిమిండి పచ్చడి కారం. ఒకే ఇంట్లో ముగ్గురు పోతే రక్తంలో ఏముందని ఎవరైనా అడుగుతారు. మామ అడగడు. అడిగితే తన ఇద్దరు కూతుళ్లకు సంబంధాలు రావు మరి.

రెండువేల సంవత్సరం దాటాక తిరుపతిలో ఒక డాక్టరమ్మ నా కడుపునొప్పి చూస్తూ ఇంట్లోవాళ్ల సంగతి అడిగింది. కాగితం మీద ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చదరాలు గీస్తూ పోయి మామ దగ్గర ఆగిపోయింది. ఆయన్ని రెండు చోట్ల రాయాల్సి వచ్చింది. తరువాత అసలు మాట చెప్పింది. ఆపరేషన్‌లో తీసిన అమ్మ గడ్డ ముక్కను మైనంలో పోసి బిళ్ల చేసి ఉంటారు. దాన్ని పరీక్షిస్తే ఈ జబ్బు వంశంలో దిగుతున్నదేమో తెలుస్తుంది. దిగుతుంటే మిగిలినవాళ్లకు ఏటా పేగులోకి గొట్టం వేసి చూసి, గడ్డ గింజంత ఉన్నప్పుడే కత్తిరించవచ్చు.

నేనైతే రుజువు లేకున్నా చేయించుకుంటాను. అక్క మాత్రం మామ ఊ అంటే తప్ప కదలదు. ఆయన చేత ఊ అనిపించాలంటే కాగితం కావాలి. ఆ బిళ్లేమో ఆయన దగ్గరే ఉంది. అమ్మ బతికుండగా మద్రాసులో ఇంకో డాక్టరుకు చూపించడానికి ఆయనే తీసుకున్నాడు. వెంటనే మామ వాళ్లుండే చిత్తూరికి బస్సెక్కాను.

"అమ్మ బిళ్ల యాడ పెట్టినావు మామా?"

"యాడ పెట్టేది? అస్థికలతో పాటు ఏట్లో కలిపేసినా."

"ఎవురు కలపమన్నారు నిన్ను?"

"అది మా అక్క ఒంటి ముక్క కాదా? దాన్ని బీరువాలో పెట్టుకోని కాపురం సేస్తారా ఎవురైనా? అంతా కలిస్తేనే ఆమె పైకి పోయేది."

ఆ మాటలో నిజంగా ప్రేమే ఉంది. అందుకే నాకు ఇంకా మండింది.

వీధి చివరి బూత్ నుంచి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇంట్లో ఇంకెవరికైనా వస్తే వాళ్ల గడ్డను చూడవచ్చు, అంతకంటే మంచి దారి ఇంకొకటి లేదంది. తిరిగొచ్చి ఆ మాట మామ మొహాన కొట్టాను.

"ఇంకొకరికి వచ్చే దాకా కాసుకోవల్లంట. వస్తే నీకే రావల్ల."

అక్క వంటింట్లోంచి వచ్చింది.

"ఆయనకొస్తే పోయేది నా బతుకే కదా పాపా," అంది.

"పోనీ నువ్వు నాతో తిరుపతికి రా. పరీక్ష చేయించుకో."

అక్క మామ వైపు చూసింది.

"రాయి మాదిరి ఉండే మనిషిని ఆసుపత్రుల సుట్టూ తిప్పితే ఊరు ఏమనుకుంటాది?" అన్నాడాయన.

అక్క నన్ను అన్నం తిని పొమ్మంది. నేను తినలేదు.

మూడేళ్లకు ముక్క దొరికింది. అక్కది. అప్పటికి అక్కకు ముప్పై తొమ్మిదేళ్లు. వంశంలో దిగుతున్నదేనని తేలింది గానీ, ఆ కాగితం చేతికొచ్చేసరికి జబ్బు కాలేయం దాకా పాకింది. ఆ ఏడే అక్క పోయింది.

ఆ కాగితం పట్టుకునే మిగిలినవాళ్లకు పరీక్షలు చేశారు. ఏటా చూపించుకుంటూనే ఉన్న నా పేగులో ఈసారి రెండు గింజలు కనిపిస్తే కత్తిరించారు. అక్క కూతుళ్లిద్దరినీ మామే వెంటబెట్టుకొచ్చి రక్తం ఇప్పించాడు, తనూ ఇచ్చాడు. కూతుళ్ల ఫలితాలు ఇంకా రాకముందే ఆయనకు ఏ లోపమూ లేదన్నారు. అది విని ఆసుపత్రి వరండాలో కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను పక్కనే నిలబడ్డాను, భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఆయనకు రాలేదే అని ఆ నిమిషంలో కూడా నాకు కోపమే వచ్చింది.