తూకం రోజున కోసిన పెట్ట

1986 వానాకాలం. చొప్పదండి దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ నడిపేదాన్ని. నా చదువు ఐదో తరగతి దాకానే. పట్నం నుంచి సుజాత అనే పిల్ల తిండి సర్వేకు వచ్చి నన్ను వెంట తిప్పుకుంది. నిన్న ఏమేం తిన్నారో గుర్తు చేయించి రాసుకోవడాన్ని రీకాల్ అంటారు. ఆ చెప్పింది ఎంత నిజమో తేలాలంటే, ఒకరోజు వాళ్లింట్లో కూర్చుని వడ్డించినదంతా తరాజులో పెట్టి తూచాలి.

రాజవ్వ కోడలు పద్మకు ఏడో నెల. మనిషి పుల్లలా ఉండేది. ఆమెకు సెంటర్ నుంచి అదనపు తిండి ఇవ్వాలా వద్దా అన్నది ఈ లెక్క మీదే ఆధారపడింది. రీకాల్‌లో మొక్కజొన్న రవ్వతో కాచే మక్కగట్క, పచ్చిపులుసు, ఒక గుడ్డు అని చెప్పింది. తూకం రోజు పోయి చూస్తే సన్నబియ్యం అన్నం, కోడికూర.

"గట్క అని చెప్పినవ్ గదనే?" అని పద్మను అడిగాను. తల వంచుకుంది. అత్త అందుకుంది.

"ఇంటికి సుట్టాలొస్తే గట్క పెడ్తరా టీచరమ్మా? మా ఇజ్జత్ ఏంగావాలె?"

"బియ్యం యాడియి?"

"పక్కింట్ల బదులు తెచ్చిన."

"కోడి?"

"మాదే. గుడ్లు పెట్టేది."

నాకు ఒళ్లు మండింది. "కడుపుతోనున్న పిల్ల తినే గుడ్లు బంద్ జేసి మాకు కూర వండుతవా? నీకు తెలివి, అక్కల్ ఏమన్నా ఉన్నయా?"

"మీరు తరాజు పట్టుకొని రాకుంటే అది బతికే ఉండు" అంది రాజవ్వ.

సుజాత మాత్రం చిన్నబోలేదు. "చుట్టాలం కాకుండా పోయేదాకా వస్తాం అవ్వా" అంది. మర్నాడు పోయి ఇసుర్రాయి ముందు కూర్చుంది. నేను, "కొత్తది ఏమన్నా పొయ్యి మీద పెడితే లేచి ఎల్లిపోత" అని ముందే బెదిరించాను. అయినా పప్పు చేశారు. అట్లా పోతూనే ఉన్నాం. చివరికి ఒకరోజు రాజవ్వ మా ముందు గట్క గిన్నెలు పెట్టి, "ఉప్పు తక్కువైతే ఏసుకోండ్రి, నాకు తీరది" అని పనిలో పడింది.

సుజాత నన్ను చూసి నవ్వి తరాజు తీసింది. పద్మకు పెట్టిన గిన్నెను తూచింది. రీకాల్‌లో చెప్పినదానికి దగ్గరగానే వచ్చింది. గుడ్డు ఒక్కటే తక్కువ.

పద్మకు అదనపు తిండి మొదలైంది. ఆ తర్వాత కొత్తగా వచ్చే టీచర్లకు నేను ఒకటే చెప్పేదాన్ని: రోజూ తినేది మీకు పెట్టేదాకా తూకాన్ని నమ్మకండి. ఇంకా, గడప తొక్కగానే కోళ్లగంప చూపించి, "దాని జోలికి పోకండ్రి" అనండి. కాగితం తర్వాత తీయవచ్చు.