స్టీలు గ్లాసులో ఫోన్

మా కంపెనీలో ఇప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు "ఫ్రీగా ఉన్నారా?" అని చాట్‌లో అడగాలి. పక్క కుర్చీలో ఉన్న మనిషినైనా అంతే. అడిగి, పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోందో లేదో చూసి, జవాబు వచ్చేదాకా ఆగాలి. నాకు ఇది ఇప్పటికీ చేతకాదు. కుర్చీ తిప్పి మాట్లాడేస్తాను. హెడ్‌ఫోన్లు తగిలించుకున్న పిల్లలు ఉలిక్కిపడి, ఒక చెవి ఖాళీ చేసుకుని "చెప్పండి మేడమ్" అంటారు. ఆ మేడమ్ వినగానే చెప్పదలచుకున్నది సగం మర్చిపోతాను.

మొదట్లో మేము నలుగురమే. మదనపల్లెలో ఒక విత్తనాల అంగడి మీద ఒకే ఒక గది. పల్లెల్లో పాల కేంద్రాలు ఉంటాయి కదా, అక్కడ ఏ రైతు ఎన్ని పాలు పోశాడో, వెన్న ఎంత ఉందో నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్ మాది. కంపెనీ పెట్టినాయన్ని అన్నా అని పిలిచేవాళ్లం. ఆయనతో పాటు కోడ్ రాసే అబ్బాయి ఒకడు, నేను, మేమంతా అక్కా అని పిలిచే ఆమె. నేను కురబలకోట నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. మా ఇంట్లో అందరిదీ గొర్రెల లోకం. నీ కూతురు ఏం పని చేస్తాదని ఎవరైనా అడిగితే మా నాయన "పాలకు ఏదో కంప్యూటర్ కొడతాది" అనేవాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేకపోయేదాన్ని.

అక్క పని ఫోన్లు ఎత్తడం. పొద్దున్నే పాలు పోసే వేళకు ఏదో ఒక కేంద్రంలో మిషన్ మొరాయించేది. క్యాన్లు పట్టుకుని జనం వరసలో నిలబడి ఉంటారు, కేంద్రం ఆయనకు చేతులు ఆడవు. అక్క ఫోన్ ఎత్తి "ఏం కాదప్పా, యాల బయపడతావు? ఆ వైరు పీకి మళ్లా పెట్టు. పెట్నావా? ఇప్పుడు సూడు" అనేది. ఆమె చెప్పిన దానికంటే ఆమె గొంతుకే సగం మిషన్లు బాగయ్యాయని అన్న ఎగతాళి చేసేవాడు. నిండు కడవలాంటి గొంతు. కింద అంగడాయన మెట్ల దగ్గర నిలబడి "ఆ యమ్మకు ఫోన్ యాలప్పా, కిటికీ తీస్తే పుంగనూరుకు వినపడతాది" అనేవాడు.

ఆ గదిలో ఎవరూ ఎవరికీ ఏదీ రాసి పంపలేదు. అవసరం రాలేదు. ఒకరు ఫోన్‌లో మాట్లాడితే నలుగురికీ తెలిసేది. ఒకరి మొహం వాడితే ముగ్గురికీ తెలిసేది. అన్న అప్పు కోసం బ్యాంకు చుట్టూ తిరిగి వచ్చిన రోజు ఆయన చెప్పుల చప్పుడుకే మాకు సంగతి అర్థమైంది. అక్క లేచి టీ తెప్పించింది.

అక్కది సోమల. ఆ వైపు కేంద్రాలు పెరిగాక అన్న పుంగనూరులో బస్టాండు దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుని, ఇక మీదట అక్కడ కూర్చోమన్నాడు. ఆమెకు ప్రయాణం తగ్గుతుంది, కానీ మొహం చిన్నబుచ్చుకుంది.

"ఆడ ఒక్కదాన్నే కూసోని గోడలతో మాట్లాడేదా అప్పా?"

"గోడలతో యాల? పొద్దున వస్తానే మాకు ఫోన్ చెయ్ అక్కా. కట్ చేయొద్దు. ఈడ ఉండేట్టే ఉండు" అన్నాడు అన్న.

ఆయన మాటవరసకు అన్నాడేమో, ఆమె అక్షరాలా పట్టుకుంది. మరుసటి పొద్దున ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి, టేబుల్ మీద పెట్టింది. మేమూ పెట్టాం. మా మాటలు సరిగా వినపడటం లేదని ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెడితే శబ్దం గదంతా పరుచుకుంటుంది. అప్పటి నుంచి మదనపల్లెలో ఒక గ్లాసు, పుంగనూరులో ఒక గ్లాసు. సాయంత్రం ఆమె "రేపు" అనేది, అప్పుడు కట్ చేసేవాళ్లం.

బయటివాళ్లకు ఇది పిచ్చిగా కనిపించేది. పొద్దంతా మాట్లాడుకునేవాళ్లం కూడా కాదు. ఎవరి పని వాళ్లదే. గ్లాసులోంచి పుంగనూరు బస్సుల హారన్లు, ఆమె గదిలో ఫ్యాను కిర్రుమనడం, ఆమె ఎవరికో వైరు పీకమని చెప్పడం వినిపిస్తూ ఉండేవి. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసిన చప్పుడు కాగానే నేను "ఏం కూర అక్కా?" అనేదాన్ని. "అనపగింజలు మే. నీకు?" "ఊరుబిండి పచ్చడి." "మళ్లా ఊరుబిండేనా, మీ యమ్మకు ఇంకేం చేయరాదా?" అనేది. ముప్పై కిలోమీటర్ల దూరం ఉన్నా మా అమ్మను ఎగతాళి చేయడం ఆమె మానలేదు.

ఒక రోజు ఆ గ్లాసు ఉన్నట్టుండి మూగబోయింది. బస్సులు వినిపిస్తున్నాయి, ఫ్యాను వినిపిస్తోంది, ఆమె లేదు. పిలిచాం, పలకలేదు. కాసేపు చూసి అన్న బండి తాళాలు తీసుకుని దిగిపోయాడు. ఆయన పుంగనూరు చేరి మెట్లెక్కిన చప్పుడు మాకు గ్లాసులో వినిపించింది. వెనకే అక్క గొంతు: "ఏమప్పా, ఇట్లొచ్చినావు? నేను టమేటాలు కొనుక్కుందామని దిగినా, మా ఊరాయమ్మ కనపడితే మాటల్లో పడినా." అన్నకు ఏం చేయాలో తెలియక ఒక కవరు టమేటాలు మోసుకుని తిరిగొచ్చాడు. టమేటాల మార్కెట్టున్న మదనపల్లెకే టమేటాలు తెచ్చిన మొనగాడని ఆ తర్వాత ఆయన్ని చాలా రోజులు ఏడిపించాం.

కంపెనీ పెరిగింది. సంతోషించాం, అందులో అబద్ధం లేదు. నా జీతంతోనే మా ఇంటికి స్లాబు పడింది. కుప్పంలో పెద్ద ఆఫీసు తెరిచారు, చదువైపోయిన పిల్లలను చాలామందిని తీసుకున్నారు. బెంగళూరు నుంచి ఒక మేనేజర్ వచ్చాడు. మంచి మనిషే. ఆయన మా గది చూసి, గ్లాసు చూసి నవ్వలేదు. అంతమంది ఉన్న చోట ఇది సాగదని మెల్లగా చెప్పాడు. అదీ నిజమే. అప్పటికే మా గదిలో కుర్చీకి కుర్చీ తగులుతోంది, ఎవరికి ఏది వినపడుతోందో తెలియడం లేదు. చాట్ యాప్ వచ్చింది. సెలవులకు ఒక చానల్, పుట్టినరోజులకు ఒకటి, జోకులకు ఒకటి. కేంద్రాల ఫోన్లన్నీ కుప్పం పిల్లలకు మళ్లాయి. అక్కకు లాగిన్లు సరిచూసే పని ఇచ్చారు. దానికి నోటితో పని లేదు.

గ్లాసులు పెట్టుకున్న చివరి రోజు సాయంత్రం అక్క అందులోంచి "సరే మరి, పెట్టేస్తాండా" అంది. రేపు అనలేదు.

చాట్‌లో మొదట్లో ఆమె చాంతాడంత మెసేజీలు రాసేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మధ్యలో ఎవరి బిడ్డకు జ్వరం తగ్గిందా అన్న ప్రశ్న. పని సంగతుల చానల్‌లో పనివి మాత్రమే రాయమని ఎవరో మర్యాదగానే చెప్పారు. రాను రాను అవి కురచయ్యాయి. "ఓకే." "నోటెడ్." "డన్." అక్క భలే ప్రొఫెషనల్ అయిందని మేనేజర్ మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆమె మా మీద అలిగిందనిపించింది. ఫోన్ చేశాను. కట్ చేసి "మీటింగ్‌లో ఉండా, చాట్ చెయ్" అని రాసింది. ఇంకో రోజు చేశాను, అదే. ఆదివారం చేశాను. "చుట్టాలు వచ్చిండారు." ఆమె కోపం వస్తే అరిచి తీర్చుకునే మనిషి, ఇట్లా ముక్తసరిగా కోప్పడటం ఎప్పుడు నేర్చిందా అని నాకూ కోపం వచ్చింది. పచ్చచుక్క చూసేదాన్ని. వెలుగుతూనే ఉండేది.

ఆ ఏడాది మూడు ఊళ్ల వాళ్లనూ కుప్పంలో ఒక కల్యాణ మండపానికి పిలిచారు. ఒకరి మొహాలు ఒకరికి తెలియాలని. మైకు వరసల వెంట నడిచింది, ఒక్కొక్కరూ లేచి తామెవరో చెప్పాలి. అక్క నాకు దూరంగా, కుప్పం పిల్లల మధ్య కూర్చుంది. మెడకు స్కార్ఫ్ చుట్టుకుంది. ఈ ఎండల్లో స్కార్ఫ్ ఏమిటి అనుకున్నాను. మైకు ఆమె చేతికి వచ్చింది. నేను ఆ కడవ గొంతు కోసం ఎదురు చూస్తున్నాను, ఒక్క దెబ్బతో ఈ పిల్లల హెడ్‌ఫోన్లు రాలిపోవాలని.

గాలి చప్పుడు వచ్చింది. మైకు పని చేయడం లేదనుకున్నారు. ఎవరో దాని తల మీద తట్టి చూశారు. ఇంకో మైకు తెచ్చి ఇచ్చారు. దాంట్లోనూ అదే, ఎండుటాకులు గీరినట్టు ఒక చప్పుడు. అందులో ఆమె పేరు ఉందని నాకు అర్థమయ్యేసరికి స్టేజీ మీద అన్న లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. కుప్పం పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఆమె గొంతు అదే అనుకున్నారు పాపం.

మరుసటి రోజే అన్న ఆమెను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. గొంతులో గడ్డ. ఎంత కాలంగా ఇట్లా ఉందని డాక్టరమ్మ అడిగితే అక్క, అన్న మొహం చూసింది. ఇంకా ముందు వచ్చి ఉంటే గొంతు దక్కేదేమో అంది డాక్టరమ్మ. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ కింద ఒక చిల్లు, ఊపిరి అందులోంచే.

వార్డులో నేను మంచం పక్కన కూర్చుని ఏడ్చాను, కోప్పడ్డాను కూడా. ఆమె తన ఫోన్‌లో రాసి చూపించింది. "మిరియాల పాలు తాగితే తగ్గుతాదిలే అనుకున్నా మే. గొంతు వినపడితే మీరు ఊరుకుంటారా. అన్న బండేసుకోని వచ్చేస్తాడు." చదివి తల ఎత్తితే ఆమె నవ్వుతోంది. నోరు తెరిచి, చప్పుడు లేకుండా. ఆ నవ్వు చూడలేక నీళ్ల సీసా తెచ్చే నెపంతో బయటికి వచ్చేశాను.

కంపెనీ చానల్‌లో త్వరగా కోలుకోవాలని ప్రకటన పెట్టారు. కింద దండాల బొమ్మలు, పువ్వులు, ఎవరో బొటనవేలు కూడా. నాకు ఒళ్లు మండింది. ఆ బొటనవేలు వాడెవడో కనుక్కుని దులిపేయాలనిపించింది. కానీ వాడు మాత్రం ఏం చేస్తాడు, ఆమెను ఎన్నడూ వినని పిల్లవాడు. ఇంతమంది కంపెనీని రెండు స్టీలు గ్లాసులతో నడపలేమని నాకూ తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోదు. ఆ గ్లాసు ఇంకొన్నాళ్లు టేబుల్ మీద ఉంటే మొదటి వారంలోనే ఆమె బొంగురు మాకు పట్టుబడేది. నేను గోల చేసేదాన్ని, అన్న బండి తీసేవాడు. ఇది తలచుకోని రోజు లేదు.

అక్క మళ్లీ పనిలో చేరింది, పుంగనూరులోనే. చాట్‌లో ఆమెకు ఏ లోటూ కనపడదు. కొత్తవాళ్లకు ఆమె సంగతి తెలియనే తెలియదు. "థాంక్యూ మేడమ్" అని రాస్తారు, ఆమె పువ్వు బొమ్మ పెడుతుంది. ఈ యాపే లేకుంటే ఆమెకు ఉద్యోగం ఉండేది కాదు. అందుకని దాన్ని నోరారా తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

మొన్న పొద్దున నేను కూర్చోగానే ఫోన్ మోగింది. అక్క పేరు. ఆమె ఫోన్ చేయడమేమిటా అనుకున్నాను. ఎత్తి "అక్కా" అన్నాను. తర్వాత స్టీలు మీద ఫోన్ ఆనిన చప్పుడు.

నేను ఆఫీసు వంటగదికి పోయి గ్లాసు తెచ్చుకున్నాను. పక్క సీటు అమ్మాయి వింతగా చూసింది, చూడనీ. పుంగనూరు బస్సు హారన్ వచ్చింది. ఫ్యాను ఇంకా కిర్రుమంటూనే ఉంది, ఎవరూ బాగు చేయించలేదు. మధ్యాహ్నం డబ్బా మూత తీసిన చప్పుడు రాగానే పాత అలవాటుగా "ఏం కూర అక్కా?" అనేశాను. అని నాలుక కరుచుకున్నాను. గ్లాసులోంచి మెల్లగా ఆమె ఊపిరి వినిపించింది, మెడలోని చిల్లు లోంచి వచ్చి పోతూ. ఇన్నేళ్లు పొద్దంతా ఆమెను విన్నాను గానీ ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు. ఆమె మాటలు ఆపితే కదా.

"నాది ఊరుబిండే" అని చెప్పి అన్నం డబ్బా తెరిచాను.