పాత గుంటూరులో ఒక అరుగు

పాత ఇళ్ళ గురించి మా ఊరి లైబ్రరీలో నేను చదవని పుస్తకం లేదు. ఈ సంగతి మాత్రం వాటిలో ఎక్కడా లేదు కాబట్టి రాసిపెడుతున్నాను.

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో పాత ఇళ్ళు చూడాలని శ్రీకాకుళం నుంచి గుంటూరు వెళ్ళాను. పాత గుంటూరులో ఒక మండువా ఇంటి అరుగు మీద మస్తాన్ గారనే దర్జీ మిషను కుడుతున్నారు. నలభై ఏళ్ళుగా ఆయన చోటు అదే. రోడ్డు వెడల్పు కోసం ఆ అరుగు కొట్టేస్తామని మున్సిపాలిటీ వాళ్ళు ఎర్రగీత గీసి వెళ్ళారు.

“ఇక మిషను మా ఇంటికి తీసుకుపోతానమ్మా,” అన్నారాయన.

ఇంటావిడ సీతారావమ్మ గారు కస్సుమన్నారు. “ఎక్కడికయ్యా పోయేది? ముందుగది గోడ తీయించి ఆ గదినే అరుగు చేయిస్తున్నా. మేస్త్రీ రేపొస్తాడు.”

నేను ఉండబట్టలేక, “ఆ గోడలో ఉన్నవి టేకు స్తంభాలండీ, చరిత్ర!” అన్నాను.

“స్తంభాలెక్కడికీ పోవు బాబూ, గోడే పోయేది. మా ఇంటిపేరు చెబితే ఏ రిక్షావాడికీ తెలీదు. మస్తాన్ కుట్టే ఇల్లంటే తెచ్చి గుమ్మంలో దింపుతాడు.”

“అయితే ఇల్లు నా పేర రాసెయ్యండి,” అన్నారు మస్తాన్ గారు, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడూ ఆగి చూశాను. ఇల్లంతా తిప్పి చూపించిన సీతారావమ్మ గారికి, నా చొక్కా గుండీ కుట్టిపెట్టిన మస్తాన్ గారికి, స్తంభాలకు గీటు పడకుండా గోడ తీసిన మేస్త్రీ ఏసోబు గారికి నా కృతజ్ఞతలు.