సత్రంలో పడుకున్న వీరుడు

తొంభైలలో, మా పెళ్లయిన కొత్తలో, గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మా ఆయన బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు చేసేవాడు. పగలు పడుకోవాల్సిన మనిషి, మా తమ్ముడు తెచ్చిచ్చిన వీడియోగేమ్ టీవీకి తగిలించుకుని కూర్చునేవాడు. అందులో ఒక వీరుడు కత్తితో రాక్షసులను నరుకుతాడు. అలసిపోతే వాణ్ని సత్రంలో పడుకోబెట్టాలి. లేచేసరికి బలమంతా తిరిగొస్తుంది. ఆ బొమ్మకు వేళకు నిద్ర ఉండేది, మా ఆయనకే లేదు.

ఆ ఎర్రటి కళ్లతో బాయిలోకి దిగితే ఏమవుతుందోనని భయపడి, ఒకరోజు దవాఖానకు లాక్కెళ్లాను. డాక్టరు ఎదుట కుర్చీలోనే కునుకు తీశాడు.

"నిద్ర మంచిగ పోతున్నవా?" అని డాక్టరు గట్టిగా అడిగేసరికి ఉలిక్కిపడి, "ఇప్పుడే సత్రంల పండి లేచిన సార్, బలం ఫుల్లుంది" అన్నాడు.

డాక్టరు నావైపు తిరిగి, "ఏందమ్మా, ఇంట్లకు రానిస్తలేవా?" అన్నారు. వెనక వరుసలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడు రోజులు రెస్టు రాశారు. ఇంటికొచ్చి ఆయన పడుకోగానే నేనే ఆట ముందు కూర్చున్నాను. ఎప్పటికో ఎదురయ్యే పెద్ద రాక్షసుడి కోసమని ఆయన ఆటలో నెలల తరబడి దాచిన, బలమిచ్చే మందు సీసాలన్నీ ఆ వీరుడికి తాగించేశాను. సాయంత్రం లేచి చూసుకుని, "ఒక్కటన్న ఉంచకపోతివే!" అని ఏడుపు ముఖం పెట్టాడు.

నెత్తిమీద బొగ్గు పెళ్ల ఊడిపడ్డా బెదరని మనిషి, ఆ సీసాల కోసం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఏం, ఆ రెండు రోజులూ ఆట జోలికి పోకుండా హాయిగా నిద్రపోయాడు.