గేటు ముందు ముగ్గు

నిన్న సాయంత్రం మా పేట పార్కుకు ఒక అమ్మాయి తన పసిబిడ్డను బండిలో తోసుకుంటూ వచ్చింది. ఫోనులో ఎవరితోనో గొడవపడుతూనే, గేటు దగ్గరి ఏటవాలు దారి మీదుగా లోపలికి వెళ్లిపోయింది. ఆ దారికి ఎంత రచ్చయిందో ఆమెకేం తెలుసు! నాకు మాత్రం పోయిన మా మేనత్త గుర్తొచ్చింది.

అత్తకు చిన్నప్పుడే పోలియో. తను చక్రాల కుర్చీలో ఉన్నా, నోరు మాత్రం కర్నూలంతా తిరిగొచ్చేది. ఇల్లు పార్కుకు ఎదురుగానే. కానీ గేటుకు నాలుగు మెట్లు. అందుకే పార్కంటే ఆమెకు గోడ మీదుగా కనిపించే వేపకొమ్మలే. ఆ పార్కును కొత్తగా కడతామనీ, అందరూ వచ్చి ఏం కావాలో చెప్పమనీ ఒకరోజు మున్సిపాలిటీ వాళ్లు మైకులో పిలిచారు. మీటింగు ఎక్కడయ్యా అంటే, పార్కు లోపల! ప్లానులో మెట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ రోజు ఖాయమైతే ఇక మార్చరట. "ఎత్తుకుని పోతాంలే అత్తా" అన్నాను. "నేనేమన్నా సంతకు మోసుకుపోయే బుడ్డల మూటనారా? పో నీ పని చూసుకో" అంది. నాకు కోపమొచ్చింది, బాధా వేసింది.

చొక్కా మార్చుకుని వచ్చేసరికి అత్త కుర్చీ దిగి, మెట్ల ముందు నేల మీద జరుగుతూ ముగ్గు పోస్తోంది. చుక్కల్లేవు, పువ్వుల్లేవు. ఇల్లు కట్టేముందు మేస్త్రీ పునాదికి పోసినట్టు, రోడ్డు నుంచి మెట్ల దాకా, గేటంత వెడల్పున గీతలు. మధ్యలో పసుపూ కుంకుమా. మీటింగుకొచ్చిన వాళ్లందరూ అక్కడే ఆగిపోయారు. పసుపు పెట్టిన ముగ్గును ఎవరు తొక్కుతారు? లోపలున్న ఇంజనీరు మెట్లు దిగి వచ్చి, ఊడ్చేయమన్నాడు. ఎవరూ చీపురు ముట్టలేదు. విసుగ్గా బూటుకాలు ఎత్తాడు. తొక్కాడంటే అత్త ఇంక గడప దాటదు, నాకు తెలుసు.

"ఏం పండగమ్మా ఈరోజు?" అన్నాడు.

"పండగ కాదు సార్. అది నా దావ, నా కుర్చీ లోపలికి పోయేదానికి. మీరు మెట్లు కట్టుకుంటాండారు, నేను దావ పోసుకుంటి. తొక్కేదుంటే తొక్కండి."

ఎత్తిన కాలు కాసేపు అలాగే ఉండి, వెనక్కి వెళ్లింది. మీటింగు రోడ్డు మీదే జరిగింది. ప్లానును అత్త ఒళ్లోనే పరిచి, ఆమె ముగ్గు పోసిన చోట ఏటవాలు దారి గీశారు.

పార్కు తెరిచిన రోజు అత్త నన్ను కుర్చీ ముట్టనివ్వలేదు. తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ పైకెక్కి, చుట్టూ చూసింది.

"ఇంతేనా? శానా పెద్దదనుకుంటి కదరా" అంది.

నవ్వబోయాను, నా వల్ల కాలేదు. చిన్నప్పుడు మేము ఒక్క దూకులో ఎక్కేసిన ఆ నాలుగు మెట్ల కిందే అత్త వయసంతా గడిచిపోయింది.