నాలుగక్షరాల చుట్టాలు

మొన్న ఆత్మకూరులో బీపీ మాత్రల కోసం మందుల షాపు ముందు నిలబడి ఉంటే, నా పక్కనే తల్లి చెయ్యి పట్టుకున్న ఒక పాప, గోడకు అంటించిన దగ్గు మందు ప్రకటనలోని ఇంగ్లీషు మాటను కూడబలుక్కుని ‘కౌగ్’ అని పైకే చదివింది. చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. “నేనూ అట్లే చదివినా తల్లీ, ఆ తప్పు నీది కాదులే,” అన్నాను. ఉదయగిరిలో పదో తరగతి చదివే రోజుల్లో అదే మాటను అచ్చం అలాగే చదివి, తరగతంతా విరగబడి నవ్వుతుంటే తల ఎత్తలేక నిలబడ్డ నా ముఖమే ఆ పాపలో కనిపించింది.

మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఇంగ్లీషంటే అప్పట్లో పరీక్షల ముందు వచ్చే జ్వరం. తెలుగులో రాసిందే చదువుతాం, చదివిందే రాస్తాం. ఆ భాషలో మాత్రం ఓ, యు, జి, హెచ్ అనే నాలుగక్షరాలు పక్కపక్కన చేరితే ఎప్పుడేం పలుకుతాయో తెలియదు. ఆ ఏడాది తక్కిన సబ్జెక్టులన్నీ గట్టెక్కి ఇంగ్లీషులో తప్పాను. నర్సు ట్రైనింగుకు పోవాలని నా కోరిక. పది పాసు కాకపోతే అది అంతటితో సరి. మా నాయన గొర్రెల మీద బతికిన మనిషి, మాట కటువు.

“చాల్లే, చదివినావుగా. రేపట్నించి మందతో పో,” అన్నాడు.

మందతో పోతాను గానీ పరీక్ష మళ్లీ రాస్తానన్నాను.

మా వీధిలోని స్నేహితురాలు, దర్జీ గారి అమ్మాయి, పాసై ఇంటర్‌లో చేరుతూ, వాళ్లన్న వాడి వదిలేసిన అట్టలూడిన నిఘంటువు నాకిచ్చింది. దాన్ని గుడ్డసంచిలో వేసుకుని కొండ వారకు గొర్రెలను తోలుకుపోయేదాన్ని. నన్ను నవ్వులపాలు చేసిన ఆ నాలుగక్షరాలు ఏయే మాటల్లో దాగి ఉన్నాయో అన్నీ పట్టి తీరాలని పంతం పట్టాను. తీరా చూస్తే నిఘంటువులో మాటలు మొదటి అక్షరాన్ని బట్టే వరసగా ఉంటాయి. ఒకే తోక ఉన్న చుట్టాలు మాత్రం తలో ఊళ్లో కాపురమున్నట్టు పుస్తకమంతా చెదిరిపోయి ఉంటాయి. అందుకని మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒక్కొక్క మాటనూ వేలు పెట్టి చూసుకుంటూ పోవడం తప్ప వేరే దారి లేకపోయింది. ఎండ ముఖాన కొట్టినా, గొర్రె పక్క చేలో పడితే తిట్లు తిన్నా, ఆ పని మాత్రం మానలేదు.

సాయంత్రాలు స్నేహితురాలి చేత వాటిని పలికించుకునేదాన్ని. దగ్గుకు ‘కాఫ్’, గరుకుకు ‘రఫ్’, అయినప్పటికీ అనడానికి ‘దో’, గుండా అనడానికి ‘థ్రూ’, నాగలికి ‘ప్లౌ’. రాతలో తోక ఒకటే, పలుకు వేరు. పక్కన కూర్చుని వక్క నములుతున్న మా అవ్వ ఒకనాడు, “అదేందే, మీ మామ మాదిరుండాదే! ఇంట్లో ఒక మాట, బజార్లో ఒక మాట,” అంది. పడి పడి నవ్వాం. ఆ నవ్వుతో నాకు ఆ అక్షరాల మీద కోపం పోయింది. పక్కన ఎవరున్నారో చూసి మాట మార్చే మనుషులను ఎరిగినదాన్నే కదా, వీటినీ అలాగే ఒక్కొక్కదాన్ని ముఖం చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

సప్లిమెంటరీ పరీక్ష ఆత్మకూరులో పడింది. ఆ ఉదయం నేనెక్కిన బస్సు దారిలో చెడిపోయింది. ఇంకో బస్సు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. హాల్ టికెట్టు చేత పట్టుకుని రోడ్డు వెంట నడక మొదలుపెట్టాను. కొంతదూరం పోయాక వెనక నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. అందులో పొట్టేళ్లను సంతకు తోలుకుపోతున్న మా నాయన.

“ఆత్మకూరికి నడిచి పోతావా ఏంది? ఎక్కు,” అన్నాడు.

పొట్టేళ్ల నడుమ ఇద్దరం నిలబడ్డాం. నా పెదవులు కదలడం చూసి, “ఏంది గొణుగుతుండావు?” అన్నాడు.

“పరీక్ష మాటలు నాయనా.”

“ఒకటి చెప్పు, విందాం.”

‘ఇనఫ్’ అన్నాను. చాలు అని దానికి అర్థమన్నాను. ఆయన పక్కనున్న పొట్టేలు కొమ్ము పట్టుకుని నా వైపు తిరిగాడు.

“నేను అన్నానని చాలు కాదు. నీకు చాలనిపించిందాకా చదువుకో,” అన్నాడు.

గొర్రెల వాసనతోనే పరీక్ష హాల్లో కూర్చున్నాను. పక్క బెంచీ అమ్మాయి ముక్కుకు పవిట అడ్డం పెట్టుకుంది. నేను తలెత్తి చూడలేదు, రాస్తూనే ఉన్నాను. పాసయ్యాను. నర్సునయ్యాను. ఉద్యోగం విరమించే దాకా ఆస్పత్రుల్లో ఇంగ్లీషు మందుల చీటీలు చదువుతూనే బతికాను.

ఇప్పుడు పిల్లలు ఫోన్‌లో నాలుగక్షరాలు కొడితే చాలు, ఆ చుట్టాలంతా ఒక్కసారే వచ్చి వరసలో నిలబడతారు, పలికి కూడా వినిపిస్తారు. వాళ్లకు ఆ కష్టం తప్పినందుకు నిజంగా సంతోషమే. కాకపోతే, అప్పట్లో నిఘంటువులో వెతికే మాట దొరికేలోగా వెతకని మాటలెన్నో ఎదురై మనల్ని పలకరించేవి. తర్వాత జీవితంలో నాకు అక్కరకొచ్చినవి చాలావరకు అట్లా దారిలో కలిసినవే. ఆ దారిన ఇప్పుడెవరూ నడవడం లేదు.