నూకరాజు చెయ్యి అందే ఎత్తు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో, నాకొక ప్రత్యేకమైన పని అప్పగించారు. అప్పట్లో నేను విశాఖలో ఒక ప్రైవేటు సంస్థ వాహన నిర్వహణ విభాగంలో అసిస్టెంట్ జనరల్ మేనేజర్ని. గాజువాక దగ్గర మా గ్యారేజీ. క్రేన్లు, టిప్పర్లు, స్టాఫ్ బస్సులు, ఆఫీసర్ల కార్లు, చక్రం ఉన్న ప్రతిదీ నా కిందకే వచ్చేది. మా ఆయనది ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ, కాపురం ఉక్కునగరం క్వార్టర్లో. ఆయన మధ్యాహ్నం బీ షిఫ్టుకి బయలుదేరే వేళకి నేను గ్యారేజీలో ఏ బస్సు కిందో ఉండేదాన్ని. ఆడమనిషి బండి కింద దూరడం చూసి మొదట్లో నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరు తరవాత నా కింద పనిచేశారు, నవ్వడం దానంతటదే ఆగిపోయింది.

పని ఇదీ. మా సంస్థ ఒక ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొని, గాజువాక దాటాక ఉన్న ఒక బీచ్‌లో లైఫ్‌గార్డులకు ఇస్తోంది. ఆ లైఫ్‌గార్డులందరూ పక్కనున్న మత్స్యకారుల ఊరివాళ్ళే. జీపు ఇసుకలో తిరగాలి కాబట్టి దానికి సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ వేయించాలి. ఏ కిట్ వెయ్యాలో తేల్చి సాంకేతిక ఆమోదం ఇవ్వాల్సింది నేను. ఖర్చుకి ఆమోదం మా జనరల్ మేనేజర్ గారిది.

లిఫ్ట్ కిట్ అంటే తెలియనివారికి ఒక మాట చెబుతాను. బండి బరువంతా ఇరుసుల మీద కమాన్ కట్టల ద్వారా నిలబడుతుంది. వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించినవే కమాన్ కట్టలు. వాటిని మార్చో, వాటి కింద దిమ్మలు పెట్టో, బండి నడుం నేలకి ఇంకొంచెం దూరంగా జరపడమే లిఫ్ట్. దిమ్మలు పెట్టడం చవక, తొందర పని. కట్టలూ షాక్ అబ్జార్బర్లూ మొత్తం కొత్తవి వేసుకోవడం అసలు పద్ధతి. బండి ఎత్తు పెరిగితే ఇంజను నుంచి చక్రాలకి శక్తి తీసుకెళ్ళే షాఫ్టు మరీ ఏటవాలుగా తిరుగుతుంది, దాని కీళ్ళు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు పొడవు చాలవు. అన్నిటికన్నా ముఖ్యం, బరువు పైకి పోతుంది. కుర్రకారు వీడియోల్లో చూసి ముచ్చటపడే ఎత్తైన జీపుల వెనక ఈ బాధలన్నీ ఉంటాయి. వాటిని ఎవరూ వీడియో తియ్యరు.

నేను మొదట బీచ్‌కి వెళ్ళాను. అక్కడ లైఫ్‌గార్డుల పెద్ద నూకరాజు పరిచయమయ్యాడు. నలభై దాటిన మనిషి, పొట్టి, బండరాయిలాంటి భుజాలు. ఆ తీరంలో అతన్ని మించిన ఈతగాడు లేడని అందరూ చెప్పారు, అతను కూడా చెప్పాడు. నేను టేపు బయటికి తియ్యకముందే కిట్ ఏది వెయ్యాలో తేల్చేశాడు.

"నాలుగంగుళాలది ఎయ్యండి మేడమ్. అంతకన్నా పెద్దదుంటే అదే ఎయ్యండి. ఈపాలి గట్టు కాడ ఆగిపోకూడదు."

గట్టు అంటే ఏమిటో నడిపించి చూపించాడు. వర్షాకాలంలో సముద్రం పోటెక్కినప్పుడు కెరటాలు తీరాన్ని కోసేస్తాయి. ఇసుకలో నిట్టనిలువుగా ఒక మెట్టు ఏర్పడుతుంది. కిందటి వర్షాకాలంలో, స్నేహితులతో వచ్చిన ఒక కాలేజీ విద్యార్థి మునిగిపోతున్నాడని కబురొస్తే, వీళ్ళ పాత బండి ఆ మెట్టు ఎక్కలేక ముందు బంపరు ఇసుకలో గుచ్చుకుని ఆగిపోయింది. నూకరాజు బండి దిగి పరిగెత్తాడు. విద్యార్థిని బయటికి తెచ్చింది అతనే. కానీ ఊపిరి లేదు.

"ఆ బాబు వాళ్ళమ్మ నన్నేటీ అనలేదు మేడమ్. అదే నాకు మింగుడుపడతం నేదు," అన్నాడు. ఆ రోజు నుంచి ఈ పని నాకు ఫైలు పని కాకుండా పోయింది. అతను మళ్ళీ ఆలస్యంగా చేరకూడదు. నా ముందున్న ప్రశ్న అదొక్కటే.

అతనడిగిన కిట్ వేసేస్తే అతనికి సంతోషం, జనరల్ మేనేజర్ గారికి ఇంకా సంతోషం. ఎందుకంటే ప్రారంభోత్సవం ఫొటోలో బండి రాజసంగా కనబడాలని ఆయన కోరిక. కానీ నాకు రెండు విషయాలు నచ్చలేదు. ఒకటి, ఆ బండి నడిచేది చదునైన నేల మీద కాదు. సముద్రం అంచునే, వాలు మీద, ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. రెండు, దాని నెత్తిన రెస్క్యూ బోర్డు ఉంటుంది. మునిగేవాళ్ళ దగ్గరికి దాని మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ వెళతారు. ఆ పొడవాటి బోర్డు బండి పైన తప్ప ఇంకెక్కడా పట్టదు.

మాటలతో ఒప్పించడం నాకు చేతకాదు. చూపించడం చేతనవును. డీలరు దగ్గర నాలుగంగుళాల కిట్, రెండంగుళాల కిట్ రెండూ పరీక్ష కోసం అడిగి తెచ్చాను. రవాణా శాఖ అనుమతి లేకుండా ఎత్తు మార్చిన బండిని రోడ్డెక్కించకూడదు. అందుకని నాలుగంగుళాలది బిగించిన జీపుని ట్రైలర్ మీద పెట్టి బీచ్‌కి పంపించాను. మా సూపర్‌వైజరు ఇంత తతంగం దేనికండీ అని గొణిగాడు. తతంగమే మన ఉద్యోగం అని చెప్పి పంపాను.

జీపు ఇసుకలోకి దిగగానే నూకరాజు ముఖం వెలిగిపోయింది. పెళ్ళికొడుకుని చూసినట్టు దాని చుట్టూ తిరిగాడు. నేను జీపుని వాలు మీద పెట్టించి, నిజంగా కబురొచ్చినట్టే దిగి బోర్డు తియ్యమన్నాను. అతను దిగాడు, బోర్డు దింపాల్సిన సముద్రం వైపుకి వచ్చి చెయ్యి చాచాడు. చెయ్యి అందలేదు. వాలు కదా, ఆ పక్కన నిలబడేవాడి కాళ్ళ కింద ఇసుక ఇంకా దిగువన ఉంటుంది. ఎగిరాడు. వేళ్ళు తగిలాయి కానీ పట్టు దొరకలేదు. చివరికి టైరు మీద కాలు పెట్టి ఎక్కబోతే తడి పాదం జారి మోకాలి మీద పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

"ఏటి బావా, బండికి నిచ్చెన కూడా ఇమ్మందామేటి?" అని ఒకడన్నాడు.

నూకరాజు కూడా నవ్వాడు గానీ పట్టు వదల్లేదు. పొడుగ్గా ఉన్నవాళ్ళు తీస్తారులే అన్నాడు. బీచ్‌లో ఆ పూట పొడుగువాళ్ళు లేకపోతే అని అడిగాను.

తరవాత రెండో పరీక్ష. కిందటేడాది కెరటాలు పాత బండి చక్రాల కింద ఇసుక ఎంత లోతున లాగేశాయని అడిగాను. మోకాలి పైదాకా అన్నాడు. జీపులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. మనుషులకు బదులు సీట్లలో ఇసుక మూటలు పెట్టించాను, పైన బోర్డు కట్టించాను. ఒడ్డు వైపున ఊళ్ళో పడవలు లాగే ట్రాక్టరు నిలబెట్టి, జీపుకి దానికి మోకు కట్టించాను. మోకు వదులుగానే ఉంచాం. జీపు పడబోతేనే బిగుసుకోవాలి. ఇద్దరు మనుషులు పొడవాటి పారలతో, దూరంగా నిలబడి, సముద్రం వైపు చక్రాల కింద ఇసుక తియ్యడం మొదలుపెట్టారు. సముద్రం చేసే పనే, మేం నిదానంగా చేశాం.

మోకాలి లోతు కూడా రాలేదు. ఒడ్డు వైపు చక్రాలు రెండూ ఇసుకని వదిలి పైకి లేచాయి. మోకు టంగుమని బిగుసుకుంది. ట్రాక్టరు లేకపోతే జీపు బోల్తా పడి ఉండేది. అప్పుడెవరూ నవ్వలేదు. నూకరాజు గాల్లో తేలిన చక్రం దగ్గరికి వెళ్ళి చేత్తో తిప్పి చూశాడు. అది తేలిగ్గా తిరిగింది.

నా దగ్గరికి వచ్చి, "మరెలగ మేడమ్? తక్కువ ఎత్తయితే గట్టు కాడ ఆగిపోద్ది. ఎక్కువైతే పడిపోద్ది. నానేటి సెయ్యాల?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఏ దారీ లేదేమోనన్న భయం ఉంది. నాది చీపురుపల్లి దగ్గర రైతుల కుటుంబం. ఆఫీసు తెలుగు పక్కన పెట్టి మా ఊరి మాటలోకి దిగిపోయాను. "నువ్వేటీ సెయ్యొద్దు. రేపు బేగి మా గోడ కాడికొచ్చి నిలబడు. మిగతాది నాను సూసుకుంటాను," అన్నాను. అతని కళ్ళు ఇంతింతయ్యాయి. నేను ఆ భాష మాట్లాడతానని అతను అనుకోలేదు.

గోడ అంటే మా గ్యారేజీ గోడ. మర్నాడు అతన్ని అక్కడికి పిలిపించాను. చెప్పులు విప్పించి, గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి పైకెత్తి బోర్డు అంచు పట్టుకున్నట్టు వేళ్ళు మడవమన్నాను. ఆ మడిచిన వేళ్ళ దగ్గర తెల్ల పెయింటుతో గీత గీయించాను. వాలు కోసం, పాదం ఇసుకలో కూరుకోవడం కోసం కొంత తీసేసి, దాని కింద ఇంకో గీత. బోర్డు ఆ కింది గీత దాటి పైన ఉండడానికి వీల్లేదు. మామూలుగా లిఫ్ట్ లెక్క నేల నుంచి పైకి కడతారు. నేను పై నుంచి కిందకి కట్టుకుంటూ వచ్చాను.

అలా కడితే రెండంగుళాలకి చోటు దొరికింది, అది కూడా పైన ఉన్న ఎత్తైన క్యారియర్ తీసేసి, టాపుకి అంటుకుని ఉండే పల్చటి క్యారియర్ పెడితేనే. పైన తగ్గించుకున్నది కింద పెంచుకోవడానికి పనికొచ్చింది. గట్టు సమస్యకి మందు ఎత్తులో లేదు. బండి ముక్కులో ఉంది. కంపెనీ బంపరు పొడవుగా ముందుకు వచ్చి ఉంటుంది, మెట్టుకి అదే ముందు గుచ్చుకుంటుంది. దాన్ని కోయించి పొట్టి బంపరు పెట్టించాను. ఇప్పుడు ముందుగా ఇసుకని తాకేది చక్రమే. చక్రం తాకితే ఎక్కుతుంది. టైర్లు పెద్దవి వెయ్యలేదు, గాలి తగ్గించి నడపమన్నాను. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు.

దిమ్మల కిట్ వద్దన్నాను. కమాన్ కట్టలే పూర్తిగా మార్చే కిట్ తీసుకున్నాను. ఖాళీ బండికి కాకుండా, మనుషులూ తడిసిన సామానూ ఎప్పుడూ ఉండే బరువుకి సరిపోయే కట్టలు ఎంచాను. డీలరు కట్టల కొసల్లో దూర్చే బుష్‌లు మెరిసే రంగులవి చూపించాడు. వాటిలో ఇసుక చేరితే కిర్రుమని ప్రాణం తీస్తాయి. నల్ల రబ్బరువే ఉంచమన్నాను. అతను నన్ను పాతకాలం మనిషిననుకుని ఉంటాడు. అనుకోనీ.

జనరల్ మేనేజర్ గారు మాత్రం నొచ్చుకున్నారు. రెండంగుళాలా, పక్కన నిలబడితే తేడా కూడా కనబడదే అన్నారు. నాలుగంగుళాలకి ఆమోదం రాయమని మెత్తగానే అడిగారు. ఖర్చు మీద సంతకం మీదండీ, ఎత్తు మీద సంతకం నాదండీ అన్నాను. ఆయన ఫైలు ముందుకి జరిపారు. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ గర్వంగానే ఉంది, దాచుకోను.

రవాణా శాఖ అనుమతి చేతికొచ్చాకే రెండంగుళాల కిట్ బిగించడానికి మా మెకానిక్కులని స్పానర్ పట్టుకోనిచ్చాను. బిగింపు అయ్యాక జీపుని మళ్ళీ బీచ్‌కి తీసుకెళ్ళి, అదే మూటలతో, అదే ట్రాక్టరుతో, మోకాలి పైదాకా ఇసుక తవ్వించాను. జీపు ఒరిగింది. కానీ నాలుగు చక్రాలూ నేలనే ఉన్నాయి, మోకు వదులుగానే వేలాడింది. నూకరాజు వచ్చి సముద్రం వైపు నిలబడి, చెయ్యి ఎత్తి, బోర్డు ఒక్క లాగు లాగి భుజాన వేసుకున్నాడు. ఒకపాలి కాదు, మేం చాలనేదాకా లాగుతూనే ఉన్నాడు.

వర్షాలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం నేను స్టాఫ్ బస్సు బ్రేకులు చూస్తుంటే ఫోను మోగింది. నూకరాజు. వెనక కెరటాల హోరు, జనం కేకలు. ఆయాసపడుతున్నాడు.

"మేడమ్, ఒక పిల్ల. డిగ్రీ సదువుతాదంట. అలలు లాగేసినాయి. బండి గట్టెక్కీసింది మేడమ్, ఆగనేదు. బోర్డు దించీసి ఎల్లిపోనాను. పిల్ల కూకుంది, నీళ్ళు కక్కి ఏడుత్తంది." ఊపిరి పీల్చుకుని, "ఈపాలి ముందెల్లినాం మేడమ్," అన్నాడు.

నా చేతులకి గ్రీజు ఉంది. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ రోజు బస్సు బ్రేకులు మాత్రం రెండోసారి చూశాను, మొదటిసారి సరిగా చూశానో లేదో నమ్మకం లేక.

మరుసటి ఏడాది పదవీ విరమణ చేశాను. ఆ ఉద్యోగంలో ఎన్నో బండ్లు ఎత్తించాను, దింపించాను. వాటన్నిటిలో నేను గట్టిగా నేర్చుకున్నది ఈ జీపు దగ్గరే. బండి ఎంత ఎత్తు ఎక్కగలదన్నది రెండో ప్రశ్న. దాని పక్కన నిలబడి పనిచేసే మనిషి చెయ్యి ఎంతదాకా అందుతుందన్నది మొదటి ప్రశ్న. మొదటిది వదిలేసి రెండోదానికి జవాబు రాసినవాళ్ళని నేను ఇంజినీర్లనుకోను.

ఈ మధ్య పాత గ్యారేజీకి వెళ్ళాను. గోడలకి కొత్తగా సున్నం వేశారు. తెల్ల గీతలు రెండూ ఉన్న జాగా మాత్రం అలాగే వదిలేశారు. ఆ పక్కన పరీక్షకి ఒక కొత్త రెస్క్యూ జీపు నిలబడి ఉంది. నా తరవాత వచ్చిన అధికారి టేపు ఒక కొస కింది గీత దగ్గర పట్టుకుని, కిందకి కొలుచుకుంటూ వస్తున్నాడు.